మోకాళ్ళ దగ్గర అరిగిన డ్రెస్సులు

ఆమె పోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చూస్తే తెలిసింది.

కళ్ళజోడు కాడ విరిగితే బాగుచేయించుకుందామని ఆ శనివారం రాంగోపాల్‌పేట్ వెళ్ళాను. ఆ సందులో అడుగుపెట్టి పదకొండు నెలలైంది. కావాలనే పెట్టలేదు. ఆ రోజు కూడా కళ్ళజోళ్ళ షాపు దాకా వెళ్ళి, ఆమె కొట్టు వైపు చూడకుండా తిరిగొచ్చేద్దామనే అనుకున్నాను. కానీ చూశాను. షట్టర్ సగం దించి ఉంది. దానికి కట్టిన ఫ్లెక్సీలో పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. ఏదో పెళ్ళి ఫొటోలోంచి మనిషిని కత్తిరించి వెనకాల నీలం ఆకాశం అతికించారు. పక్కన ఇంకెవరిదో మోచెయ్యి మిగిలిపోయింది. ఎవరా అని నిమిషం సేపు చూశాను. నోట్లో గుండుసూదులు లేని ఆమె మొహం నాకు చప్పున గుర్తురాలేదు.

"మూడు నెలలాయె సార్," అన్నాడు కళ్ళజోళ్ళతను, కాడకు స్క్రూ బిగిస్తూ. "నిద్రలనే పోయింది. ఎవ్వలకు తక్లీఫ్ ఇయ్యలే."

నాకు ఏడుపు రాలేదు. చెబితే బాగోదు గాని, ముందొచ్చింది కోపం. ఆమె ఆఖరిసారి నన్నొక ప్రశ్న అడిగింది. దానికి జవాబు పదకొండు నెలలుగా తయారుచేసుకుంటున్నాను. బండి మీద వెళ్తూ, ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని, స్నానం చేస్తూ. ఒకటి కాదు, మూడు జవాబులు కూడబెట్టుకున్నాను. ఇక అవి ఎవరికి చెప్పను?

ఫ్లెక్సీ మీద ఆమె పేరుంది, ఇంటిపేరుతో సహా. అది నేను చదవడం అదే మొదటిసారి. ఇక్కడ రాయను. ఆ పేరుతో నాకెప్పుడూ పని పడలేదు. పిల్లలు ఆమెను డ్రెస్సాంటీ అనేవారు. నేను అమ్మా అనేవాణ్ణి, చిరాకొచ్చినప్పుడు కూడా.

ఆమెది స్కూలు ఫంక్షన్లకు వేషాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు. మేడమెట్ల కింద గది. ఇద్దరు లోపలుంటే మూడో మనిషి బయట ఆగాలి. పైకప్పు నిండా ప్లాస్టిక్ కవర్లలో డ్రెస్సులు వేలాడేవి. రాజులు, రాక్షసులు, సైనికులు, పులులు, ఒక మూల టమాటాలు, వంకాయలు. కావలసినదాన్ని చివర కొక్కెం ఉన్న వెదురుకర్రతో దించేది. దించగానే బట్టల మధ్య వేసే డాంబర్ గోలీల వాసన గుప్పుమనేది. మెడలో టేపు ఉండేది గాని దానితో ఎవరినైనా కొలవగా నేను చూడలేదు. పిల్లను స్టూలెక్కించి, భుజం మీద ఒక జాన, నడుం మీద ఒక జాన పెట్టి "అయింది, దిగు" అనేది. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు. మాటలు వాటి సందుల్లోంచే వచ్చేవి. మాది విజయనగరం వైపు. ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయినా, ఆ సూదుల వెనక మాట నాకు పూర్తిగా తెలియడానికి నాలుగుసార్లు వెళ్ళాల్సొచ్చింది.

ఆ కొట్లో ఒక రూలు. వేషం ఎవరిదో, వాళ్ళ కథ పిల్లే చెప్పాలి. చెప్పందే డ్రెస్సు కిందికి దిగదు.

"ఎవలు బిడ్డా గాయిన? ఏం జేసిండు?"

తల్లి అందుకోబోతే వేలు అడ్డంగా ఊపేది. "నువ్వు గాదమ్మా. స్టేజీ ఎక్కేది గామె."

ఒకసారి నా ముందే ఒకావిడ విసుక్కుంది. "ఆంటీ, కారు రోడ్డు మీదే పెట్టొచ్చాను. ఏదో ఒక రాజు డ్రెస్ ఇచ్చెయ్యండి, ప్లీజ్."

"ఏదో ఒక రాజు లేడమ్మా నా దగ్గర. అందరు పేరున్నోళ్ళే ఉన్నరు."

కథ అయ్యాక డ్రెస్సు తొడిగి, "ఇగ నడువు" అనేది. గుమ్మం నుంచి అద్దం దాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో పిల్ల నడక మారాలి. మారితే ఆమె మిషన్ వైపు తిరిగిపోయేది, బేరం అయిపోయినట్టే. మారకపోతే విప్పించి ఇంకోటి దించేది. కిరీటం ముద్దుగా ఉందని తల్లులు బతిమాలినా వినేది కాదు. చాలామంది తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. మళ్ళీ ఏడాది వాళ్ళే వచ్చేవారు.

నా సంగతి చెప్పాలి. ఉద్యోగం బీమా ఆఫీసులో, ఇల్లు కాప్రాలో. రాయడం నాకు పట్టుకున్న జబ్బు. నాలుగేళ్ళు కూర్చుని ఒక వీరుడి నవల రాశాను. అతని పేరు వజ్రకీర్తి. లేని రాజ్యం, ఏడు కోటలు, మాట్లాడే ఖడ్గం. నా ఆశ చిన్నది కాదు. సెలవుల్లో చదివి పక్కన పడేసే పుస్తకం కాకూడదు, ఇప్పటి పిల్లలు ముసలివాళ్ళయ్యాక మనవల చేతిలో పెట్టే పుస్తకం కావాలి. తరాల తరబడి నిలిచిపోయిన వీరుల్లో ఏముందో కాగితం మీద రాసి, బల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాను. పుట్టుకలో రహస్యం, గురువు, శాపం, ఆయుధం, ఎవరూ ఓడించలేని శత్రువు. ఒక్కొక్కటి రాసేసి టిక్కు పెట్టుకుంటూ పోయాను. అన్నిటికీ టిక్కులు పడ్డాయి.

మూడేళ్ళ కిందట, పుస్తకం అచ్చుకు వెళ్ళబోతుండగా, మా అమ్మాయి మేఘన వాళ్ళ స్కూల్లో ఒక వేడుక పెట్టారు. నచ్చిన పుస్తకంలో మనిషిలా తయారై రావాలి. మేఘన అప్పుడు అయిదో తరగతి. తనకు ఎవరిలా వెళ్ళాలనుందో నాకు గుర్తులేదు, అసలు అడగలేదేమో. వజ్రకీర్తిలా వెళ్ళాలని నేనే ఖాయం చేసేశాను. ఫొటో తీసి పబ్లిషర్‌కి పంపితే వెనక అట్ట మీద వేస్తాడు కదా అని నా లోపలి మాట. కవచం బొమ్మ నేనే గీశాను, కొలతలతో. మూడు పొరలు, భుజాల దగ్గర గరుడ రెక్కలు. ఎవరో చెబితే రాంగోపాల్‌పేట్‌లో ఆ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాం.

ఆమె నా బొమ్మను చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసింది.

"బట్టలైతే మంచిగున్నయి. మనిషేడి?"

"లోపల ఉంటాడమ్మా. వజ్రకీర్తి. ఏడు కోటలు జయించిన వీరుడు."

"వజ్ర... ఏందీ?"

"వజ్రకీర్తి."

"సూదులు వెట్టుకొని అననీకైతే వస్తలేదు. మైకుల పిల్లలకు సుత రాదు. సరే తీయి. గాయిన దేనికి భయపడ్తడు?"

"దేనికీ భయపడడు."

"ఏం పోగొట్టుకున్నడు?"

"ఏమీ పోగొట్టుకోడమ్మా. అన్నీ గెలుస్తాడు."

ఆమె బొమ్మ మడిచి నా చేతిలో పెట్టింది. "గట్లనే నిలవడేటోనికి నా డ్రెస్సెందుకు సారూ? దుకాణం ముంగట బొమ్మలుంటయి గదా, వాటికి తొడుగుండ్రి."

నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళ చాకిరీని మెట్ల కింద గదిలో కూర్చున్న మనిషి నాలుగు మాటల్లో తేల్చేసింది. ఇంకో కొట్టు చూసుకుందాం పద అని మేఘన చెయ్యి పట్టుకోబోయాను. అప్పుడు మేఘన నెమ్మదిగా అంది.

"భయపడ్డాడు కదా నాన్నా. బావి దగ్గర."

ఆ బావి సంగతి ఇది. బన్సీలాల్‌పేట్ మెట్లబావిని బాగుచేశాక ఒక ఆదివారం మేఘనను తీసుకెళ్ళాను. ఆ మెట్ల మీద కూర్చుని అప్పటికప్పుడు అల్లి ఒక కథ చెప్పాను. తరవాత అదే నవలకు మొదటి అధ్యాయంగా రాశాను. దొంగల దండు ఊరి మీద పడుతుంది. పదేళ్ళ వజ్రకీర్తి బావిలోకి దిగి, గోడలో ఉన్న గూట్లో నక్కుతాడు. పైనుంచి తమ్ముడు "అన్నా, అన్నా" అని పిలుస్తాడు. వీడు పలకడు. పిలుపు కాసేపు వినిపించి ఆగిపోతుంది. తెల్లారి మెట్లెక్కి పైకొస్తే ఊళ్ళో తమ్ముడు లేడు.

పబ్లిషర్ చదివి, హీరో పిరికివాడైతే పిల్లల తల్లిదండ్రులు కొనరు, ఇది తీసేయండి అన్నాడు. తీసేశాను. నిజం చెప్పాలంటే నాకూ హాయిగా అనిపించింది. ఆ అధ్యాయం ఉంటే వజ్రకీర్తి మిగతా నవలంతా తమ్ముణ్ణి వెతుక్కుంటూ తిరగాలి. నాకేమో ఏడు కోటలున్నాయి.

"అది ఇప్పుడు లేదు కదమ్మా, తీసేశాను," అన్నాను మేఘనతో.

"తీసేసిన్రా?" అని ఆమె నా వైపు ఒకసారి చూసి, స్టూలు ముందుకు జరుపుకుంది. "ఏది, గది చెప్పు బిడ్డా."

ఇంతలో నా ఫోన్ మోగింది. పబ్లిషర్. ముందు అట్ట మీద ఖడ్గం కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అని. సందులోకి వెళ్ళి పావుగంట మాట్లాడాను. తిరిగొచ్చేసరికి మేఘన ఖాకీ నిక్కరు, చేతులు మడిచిన తెల్లచొక్కా వేసుకుని ఉత్తకాళ్ళతో గుమ్మం నుంచి అద్దం వైపు నడుస్తోంది. నా కూతురు అలా నడవగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో అడుగూ వేసే ముందు ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు ఆగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాంబర్ గోలీల ఘాటేమో అనుకున్నాను.

"గిదీ డ్రెస్సు," అంది ఆమె.

"ఇదేంటమ్మా, మామూలు పిల్లాడి బట్టలు కదా ఇవి!"

"అవు."

"నాకు కవచం కావాలి. బొమ్మలో ఉన్నట్టే."

ఆమె మేఘన వైపు చూసింది. మేఘన నేల వైపు చూసింది. "మీ ఇష్టం సారూ," అని ఆమె మళ్ళీ బొమ్మ అందుకుంది.

నాలుగు రోజుల్లో కుట్టిచ్చింది. ఒక్క కుట్టు వంకర లేదు. గరుడ రెక్కలకు ఈకలు కూడా విడివిడిగా కత్తిరించి అతికించింది. నచ్చని పని కూడా ఆమెకు చెడగొట్టడం చేతకాదు. మేఘన స్టేజీ మీద నిలబడి నేను రాసిచ్చిన వాక్యాలు అప్పగించింది. చప్పట్లు కొట్టారు. ఫొటో బాగా వచ్చింది. వెనక అట్టకెక్కింది.

ఆ కవచాన్ని కొట్లోనే ఉంచుకుని అద్దెకివ్వమన్నాను. ఇంకా చాలామంది పిల్లలు అడుగుతారని చెప్పాను. ఆమె దాన్ని కవర్లో వేసి, పైకి ఎక్కించకుండానే కర్రతో ఇంకో రెండు డ్రెస్సులు దించి నా ఒళ్ళో పడేసింది.

ఒకటి ఏదో సినిమా వీరుడిది. జరీ, తళుకులు, రొమ్ము మీద సింహం. కొత్తదిలా ఉంది. రెండోది రంగు వెలిసిన పాత ధోవతి, పైన చిన్న అంగీ.

"మోకాళ్ళు సూడుండ్రి."

పాతదానికి మోకాళ్ళ దగ్గర గుడ్డ పలచబడి, మాసికల మీద మాసికలు. సినిమా వీరుడి మోకాళ్ళు నిగనిగలాడుతున్నాయి.

"గీ తళుకులోడు వొచ్చిన ఏడాది అందరు గీన్నే అడిగిన్రు. నాకు పరేషాన్, పది కుట్టిన. పిల్లలు రొమ్ము ఇర్సుకొని నిలవడ్డరు, దిగిన్రు. మల్ల ఏడాది ఒక్కలు అడగలే. గీ పాతోడు గట్ల గాదు. ఏడుస్తడు, కింద పడ్తడు, ఎవల కాళ్ళో పట్టుకుంటడు. పిల్ల మోకాళ్ళ మీద కూలవడ్తది. మా అత్త కుట్టిన డ్రెస్సు ఇది. ఇంకా పోతనే ఉన్నది."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. సాహిత్యానికీ మోకాళ్ళకూ ఏమిటి సంబంధం అనుకున్నాను. ఇంటికెళ్ళి నా గోడ మీది జాబితా చూసుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

పుస్తకం వచ్చింది. సభ జరిగింది. అందరూ బాగుందన్నారు. ఏ ఘట్టం బాగుందని అడిగితే "అన్నీ" అన్నారు. అంతకంటే విసుగు పుట్టించే జవాబు నాకింతవరకు తగల్లేదు. రెండు మూడు స్కూళ్ళకు నన్ను పిలిచారు. పిల్లలు చేతులెత్తి, వజ్రకీర్తికి ఎన్ని శక్తులున్నాయి సార్ అని అడిగారు. చెప్పాను. ఒక పిల్ల మాత్రం "అతను మా క్లాసులో ఉంటే ఎవరితో ఆడుకునేవాడు?" అంది. మాస్టారు ఆ పిల్లను కూర్చోమన్నారు. ఆరు నెలలకు పుస్తకం ఊసెత్తేవాళ్ళు లేకుండా పోయారు.

ఒక్క ఆమె తప్ప. ఒక కాపీ ఇచ్చొచ్చాను. కూడబలుక్కుని చదివేది, ఒక్కో పేజీకి ఎంతసేపు పట్టేదో తెలియదు. నాలుగు నెలల తరవాత చూస్తే పుస్తకం నిండా గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో గుర్తులు.

"ఇవేంటమ్మా?"

"నిద్రొచ్చిన కాడ పెట్టిన. మల్ల ఆడికెల్లి సదువాలె గదా."

గబగబా తిప్పి చూశాను. రెండో కోట దగ్గర గుర్తు. మూడో కోటలో రెండు. ఆరో కోట ముట్టడి నాకు ప్రాణం, దాని మీద నెల రోజులు పనిచేశాను. అక్కడ వరసగా నాలుగు. పేజీ విదిలిస్తే సుద్ద పొడి నా ప్యాంటు మీద రాలింది.

"ఒక్క చోటైనా బాగుందా?"

ఆమె ఆలోచించింది. కావాలని బాధపెట్టే మనిషి కాదు, నిజంగానే వెతికింది. "అట్ట మంచిగున్నది," అంది.

అయినా శనివారం వచ్చేసరికి బండి అటే తిరిగేది. ఎందుకెళ్ళేవాణ్ణో మా ఆవిడకు అర్థమయ్యేది కాదు. లోకంలో వజ్రకీర్తి గురించి నాతో పోట్లాడే మనిషి ఆమె ఒక్కతే, అందుకని. ఆమె పోట్లాడినంతసేపూ వాడు బతికున్నట్టుండేది. కొట్లో ఒక మూల స్టూలు మీద కూర్చునేవాణ్ణి. పిల్లలొచ్చి కథలు చెప్పి, నడిచి, డ్రెస్సులు తీసుకుపోయేవారు. మధ్యమధ్యలో ఆమె కుడుతూనే ఒక ముల్లు విసిరేది. "మీ వజ్రపాయన ఇంటికి లేటుగ వస్తే ఎవలన్న ఎదురుసూస్తరా సారూ?" ఇంకోసారి, "ఎన్నడన్న తప్పు జేసిండా? మాఫ్ చెయ్యుమని ఎవలనన్న అడిగిండా?" ఏ దారిన బయల్దేరినా చివరికి ఆ బావి దగ్గరికే తెచ్చి నన్ను నిలబెట్టేది. నేను తీసేసిన అధ్యాయం మీద ఈవిడకు ఇంత పట్టుదలేంటని నాకు చిరాకు.

పబ్లిషర్ రెండో భాగం రాస్తే చూద్దామన్నాడు. పొంగిపోయి, ఆ శనివారం రెండో భాగం ప్లానంతా ఆమెకు చెప్పాను. ఎనిమిదో కోట. సముద్రం అడుగున. ఆమె విన్నది. బొత్తాం కుడుతూ, "మరి తమ్ముడు?" అంది.

నా ఓపిక తెగిపోయింది. కోపమొస్తే నా నోట మా ఊరి మాట వస్తుంది. "తమ్ముడేటమ్మా? ఆ తమ్ముడు లేడని మీకెన్నిసార్లు చెప్పాల? మీకేటి తెలుసు సాహిత్యం గురించి? గుడ్డలు కుట్టుకునేవోళ్ళకి కథలెందుకు?"

గుమ్మంలో ఒక తల్లీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళు కూడా విన్నారు.

ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ఖాళీ పెదాలతో ఆమెను చూడటం అదొక్కసారే. మాట మెత్తగా, స్పష్టంగా వచ్చింది.

"నాకు ఎర్క లేదు సారూ. నిజమే. మీకు ఎర్కనే గదా. మరి గా పోరణ్ణి బావిలనే ఎందుకు ఇడ్సిపెట్టి వొచ్చిన్రు?"

లేచి వచ్చేశాను. క్షమాపణ చెప్పాలని ఇంటికొచ్చే దారిలోనే తెలుసు. చెప్పలేదు. ముందు జవాబు దొరకాలి, అప్పుడు వెళ్తాను అనుకున్నాను. పబ్లిషర్ ఒత్తిడి అన్నది ఒక జవాబు. పేజీలు ఎక్కువైపోయాయన్నది ఇంకోటి. మూడోది కాస్త పెద్దది, వీరగాథల లక్షణాల గురించి. ఎనిమిదో కోట రాయలేదు. పదకొండు నెలలు అలా గడిచాయి, అందులో ఆఖరి మూడు నెలలు ఆమె లేనే లేదు.

ఫ్లెక్సీ చూసిన ఆ రోజు ఇంటికొచ్చేసరికి మేఘన భోజనాల బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. ఇప్పుడు ఎనిమిదో తరగతి.

"డ్రెస్సాంటీ పోయారటమ్మా," అన్నాను.

పెన్ను కింద పెట్టింది. ఏడుస్తుందని నేననుకోలేదు, అంత ఏడుపు అసలే అనుకోలేదు. వాళ్ళమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఒక్కసారి చూసిన మనిషి కోసం ఇంతలా ఏడుస్తుందేమిటని ఇద్దరం మొహాలు చూసుకున్నాం. మంచినీళ్ళు తాగాక తనే మొదలుపెట్టింది.

"ఆ రోజు నువ్వు ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్ళావు కదా నాన్నా. ఆంటీ నాతో బావి కథ చెప్పించుకున్నారు. చెప్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకని అడిగారు. చెప్పేశాను."

"ఏం చెప్పావు?"

స్కూలు వేడుకకు ముందటి సంగతి. వాళ్ళ క్లాసులో ఒక చేపల తొట్టి ఉండేదట. లంచ్ టైంలో మేఘన చెయ్యి తగిలి కిందపడి పగిలింది. చేపలు చచ్చిపోయాయి. మేఘన బయటికి పారిపోయింది. అప్పుడే లోపలికొచ్చిన శ్రీజ అనే పిల్ల మీద తప్పు పడింది. టీచర్ అడిగితే శ్రీజ "నేను కాదు మేడమ్" అని మేఘన వైపు చూసింది. మేఘన పుస్తకంలోకి చూసుకుంది. శ్రీజను వారం రోజులు వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారు. పిల్లలు చేపల్ని చంపావని ఏడిపించారు. ఆ ఏడాది చివర శ్రీజ స్కూలు మారిపోయింది. తొట్టి పగిలేదాకా ఇద్దరూ ఒకే బెంచీ.

"మాకెందుకు చెప్పలేదే?" అంది వాళ్ళమ్మ.

"ఆంటీ ఏమన్నారు?" అని అడిగాను.

"తిట్టలేదు. 'గా పిలగాడు మెట్లెక్కి పైకొచ్చిండా లేదా?' అన్నారు. వచ్చాడన్నాను. 'అయితే కథ ఆడికెల్లే షురూ అయితది బిడ్డా. నువ్వు సుత రా. జెర ఆలస్యమైనా రా' అన్నారు. అందుకే ఆ నిక్కరు, చొక్కా ఇచ్చారు. స్టేజీ మీద ఆ కథ చెప్పేసి, దిగి శ్రీజ దగ్గరికెళ్దామని అనుకున్నాను."

ఆపైన ఏమైందో నాకు తెలుసు. అయినా మేఘన చెప్పింది, నన్ను తప్పు పట్టినట్టు కాకుండా, జరిగింది జరిగినట్టు.

"నువ్వు కవచం కావాలన్నావు. సరే, పుస్తకంలో ఉంటే అది శ్రీజకు చూపించి చెప్దామనుకున్నా. తీసేశానన్నావు గాని, మళ్ళీ పెట్టుంటావేమో అని. పుస్తకం రాగానే రెండుసార్లు వెతికాను నాన్నా. లేదు." పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అలాంటివాడు హీరో కాడనే కదా తీసేశావు?"

నా మూడు జవాబులూ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ నా కూతురికి చెప్పదగ్గది కాదు.

ఆ మెట్ల కింద గదిలో రెండేళ్ళ పాటు ఆమె నాతో వాదించింది నా నవల గురించి కాదు. ఒక పిల్ల నమ్మి చెప్పిన మాటను బయటపెట్టకుండా, ఆ పిల్ల తండ్రికి ఎలాగోలా తెలిసేలా చెయ్యాలని చూసింది. ప్రతి శనివారం ఒక సందు తెరిచింది. నేను ప్రతిసారీ సాహిత్యం అడ్డం పెట్టి మూశాను. మేఘన ఎలా ఉందని ఆమె అడగని వారం లేదు. బాగా చదువుతోందని చెప్పేవాణ్ణి. ఒక్క మాట సూటిగా చెప్పి ఉంటే పోయేది కదా అని ఇప్పటికీ ఆమె మీద కోపమొస్తుంది. చెప్పే మనిషి కాదని తెలిశాక ఆ కోపం ఎటు తిప్పుకోవాలో తెలియదు.

మా ఆవిడ పాత వాట్సాప్ గ్రూపులో అడిగి శ్రీజ వాళ్ళ అడ్రసు పట్టుకుంది. బన్సీలాల్‌పేట్‌లోనే, రెండో అంతస్తు. మర్నాడు ఆదివారం మేఘన నా బండి వెనకాల కూర్చుంది. మెట్ల దగ్గర "నేను మాట్లాడనా ముందు?" అని అడిగితే వద్దంది.

గ్రిల్ గేటు తీసింది శ్రీజే. పొడుగైపోయింది, చేతిలో తడి జుట్టు తుడుచుకుంటున్న తువ్వాలు. మేఘనను చూసి గుర్తుపట్టింది. నవ్వలేదు.

"ఆ తొట్టి నేనే పగలగొట్టాను," అంది మేఘన, పలకరింపు కూడా లేకుండా.

"నాకు తెల్సు."

"తెలుసా?"

"నువ్వు ఉరుకుతుంటే చూసిన కదా. టీచర్‌కి నువ్వే చెప్తవేమో అని చూసిన. వారం చూసిన." తువ్వాలు భుజం మీద వేసుకుంది. "ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

మేఘన నా వైపు చూసింది. వజ్రకీర్తి చేత కోట కోటకూ ఒక ప్రసంగం చేయించినవాణ్ణి. నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"అప్పుడు భయమేసింది," అంది మేఘన. "ఇప్పుడూ వేస్తోంది."

లోపల్నుంచి వాళ్ళమ్మ ఎవరే అని కేకేసింది. శ్రీజ జవాబు చెప్పలేదు, గేటూ వెయ్యలేదు. కొంతసేపటికి మేఘన గేటు బయటి గట్టు మీద కూర్చుంది. శ్రీజ నిలబడే ఉంది. తరవాత చేపల్లో ఒకదాని పేరు ఏదో అంది, నాకు సరిగ్గా వినపడలేదు. మేఘన తల అడ్డంగా ఊపి ఇంకో పేరు చెప్పింది.

వాళ్ళేం మాట్లాడుకుంటారో వినాలనిపించింది. ఇంకాస్త నిజం చెప్పాలంటే, విని రాసుకోవాలనిపించింది. అది తెలియగానే మెట్లు దిగి, కింద బండి దగ్గరికెళ్ళి నిలబడ్డాను.